నూకరత్నం కట్టిన నేస్తం

నూకరత్నానికి కోపం ఎక్కువని పనసగుడలో ఎవర్నడిగినా చెబుతారు. కాకపోతే గొంతు తగ్గించి చెబుతారు, ఎందుకంటే జీపు దిగి ఊళ్ళోకి రాగానే మొదటి ఇల్లు ఆమెదే. అరకు నుంచి ఆ ఊరికి సగం దాకా తారు రోడ్డు, ఆ పైన మట్టి. సెల్ టవరు వేస్తామని ఇనప స్తంభాలు దింపి వెళ్ళినవాళ్ళు మళ్ళీ మొహం చూపించలేదు. ఆ స్తంభాల మీద ఇప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఆమె కోపాల్లో కొన్ని బాగా పేరు మోసినవి. పెళ్ళి కాబోయే జంట ఒకటి ఫొటోగ్రాఫర్ని వెంటేసుకుని ఆమె కాఫీ తోటలో దిగింది. ఎర్రగా పండిన కొమ్మను పెళ్ళికూతురి మెడ చుట్టూ వంచి ఫొటో తీయబోతే కొమ్మ కాస్తా విరిగింది. నూకరత్నం కత్తితో వచ్చింది. అది నీడచెట్ల కొమ్మలు నరుక్కునే కత్తి, అప్పటికే చేతిలో ఉన్నది, కానీ ఆ సంగతి పాపం వాళ్ళకెలా తెలుస్తుంది? గొడుగూ, పూలబుట్టా, పెళ్ళికొడుకు చెప్పు ఒకటీ వదిలేసి కారెక్కారు. ఇంకోసారి ఒక రిసార్టు మేనేజరు వచ్చి, ఆమె పాతకాలం చీరకట్టుతో రిసార్టు గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళకు దండం పెడితే చాలు, అంతకంటే పనేమీ ఉండదన్నాడు. "మీయమ్మ కాళీగా లేదేటి బాబూ?" అని అడిగింది నూకరత్నం. ఆ మేనేజరు మళ్ళీ ఆ దారి తొక్కలేదు.

అలాంటి మనిషిని సర్వేశ్వరరావు ఏరికోరి తన సంఘంలో చేర్చుకున్నాడంటే అరకు బజారులో చాలామంది నవ్వుకున్నారు. ఆయన మైదానం మనిషి. ఉద్యోగం చేసి రిటైరై, చలి బాగుంటుందని అరకులో ఇల్లు కట్టుకున్నాడు. ఊరికే కూర్చోలేక 'అతిథి మిత్ర మండలి' అని పెట్టాడు. విశాఖలో ఒక యూనివర్సిటీలో చదువుకునే విదేశీ పిల్లలను కొండమీది కుటుంబాలకు జతచేస్తాడు. నెలకోసారి వాళ్ళు వచ్చి శని, ఆదివారాలు ఆ ఇంట్లో ఉంటారు. చదువుల ఏడాది అయిపోగానే ఆ జత రద్దవుతుంది, మళ్ళీ ఏడాది కొత్త పిల్లలు, కొత్త జతలు. సర్వేశ్వరరావు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత బాధ ఉండేది కాదు, మొదట్లోనే తేలిపోయేది. పదిమందిలో నూకరత్నాన్ని "మీరు" అంటాడు, పదిమందీ లేచి వెళ్ళాక "నువ్వు" అంటాడు. అంతకుమించి ఆయనలో వంక పెట్టడానికి చాలాకాలం ఏమీ కనిపించలేదు.

ఆమెకు జతపడ్డ పిల్ల పేరు చికొండి. ఆఫ్రికాలో మలావీ అనే దేశం నుంచి వ్యవసాయం చదవడానికి వచ్చింది. మొదటిసారి ఆ పిల్లను తీసుకెళ్ళడానికి నూకరత్నం అరకు బస్టాండుకు వచ్చేసరికి అక్కడ గుంపు. టూరిస్టులు ఒకరి తర్వాత ఒకరు ఆ పిల్ల పక్కన చేరి సెల్ఫీలు తీసుకుంటున్నారు. అడిగేదీ లేదు, పెట్టేదీ లేదు. ఒకడైతే ఆ సన్నటి జడల్లో ఒకటి పట్టుకుని లాగి చూస్తున్నాడు, నిజమైనదా కాదా అని. పిల్ల పళ్ళు బిగబట్టి నవ్వుతోంది. ఆ నవ్వు నూకరత్నానికి తెలుసు. ఆమె ఊరి పిల్లలందరూ టూరిస్టుల ముందు అలాగే నవ్వుతారు.

"ఎల్లి మీయక్క జడ లాగి సూడు ఎదవా!" అని ఆమె వేసిన కేకకు బస్సులో కండక్టర్ కూడా దిగి వచ్చాడు. గుంపు చెదిరిపోయింది. చికొండికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తన తరఫున ఒకరు తిట్టారన్నది అర్థమైంది. అప్పుడు నవ్విన నవ్వు వేరు.

ఇంటికి వెళ్ళాక చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి గట్టిగా కెలికి పెడితే, పిల్ల దాన్ని వేళ్ళతో చిన్న ముద్ద చేసి, మధ్యలో బొటనవేలితో నొక్కి, కూర నంజుకుని తినేసింది. వాళ్ళ ఊళ్ళో మొక్కజొన్న పిండితో ఇదే చేస్తారట. రోకలి అందుకుని నూకరత్నంతో వేటు తప్పకుండా దంచింది. నూకరత్నం భర్త గాసి అరుగు మీద కూర్చుని ఇదంతా చూసి, "ఈ గుంట పైదేశం గుంటంటే నాను నమ్మను" అన్నాడు. గాసి రోజుకు నాలుగు మాటలకంటే ఎక్కువ మాట్లాడే రకం కాదు. ఆ రోజు కోటా దానికే ఖర్చు పెట్టాడు.

మూడోసారి వచ్చినప్పుడు నూకరత్నం ఆ పిల్లతో నేస్తం కట్టింది.

సర్వేశ్వరరావు ఊహించని పొరపాటు ఇదే. ఆయన చెప్పింది సొంత మనుషుల్లా చూసుకోండి అని. అలా చూసుకోవడానికి ఆ కొండల్లో ఒక పద్ధతుంది మరి! వేరే ఇంట్లో పుట్టిన మనిషి మనసుకు నచ్చితే, పెద్దల ముందు ఒకే చాప మీద కూర్చుని, ఒకే అడ్డాకులో అన్నం తిని, ఒకరికొకరు గుడ్డ పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి పేరు పెట్టి పిలుచుకోరు, చచ్చేదాకా 'నేస్తం' అనే పిలుపు. నేస్తం తల్లి తన తల్లి, నేస్తం పొలం తన పొలం. నేస్తం ఇంట్లో చావైతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, మొదటి ముద్ద రెండో నేస్తం ఇంటి నుంచే వెళ్ళాలి. పక్కన కూర్చుని పోయినవాళ్ళ పేరు చెప్పి ఏడవాలి. పెద్దకర్మ అయ్యేదాకా తలకు నూనె పెట్టకూడదు, ఆటలో అడుగు వేయకూడదు. వేస్తే నేస్తం తెగినట్టే. ఇంట్లో పెట్టి, పండగలకు పిలిచి, నేస్తం మాత్రం కట్టకపోతే ఆ మనిషిని కూలికి పెట్టుకున్నట్టు లెక్క అని నూకరత్నం అభిప్రాయం.

చికొండి తన తల్లి పంపిన రంగుల గుడ్డ తెచ్చి నూకరత్నం భుజాల మీద కప్పింది. సంత రోజు అరకులో సిగ్నల్ దొరికినప్పుడు ఆ తల్లితో వీడియోలో మాట్లాడించింది కూడా. ఆవిడ అక్కడ కోడిని తరుముతూ ఏదో అంది, నూకరత్నం ఇక్కడ ఏదో అంది. ఒకరిది ఒకరికి అర్థం కాకపోయినా ఇద్దరూ పడీపడీ నవ్వారు.

ఏడాది తిరిగింది. సర్వేశ్వరరావు జత రద్దు చేసి నూకరత్నానికి నేపాల్ కుర్రాడిని కేటాయించాడు. నూకరత్నం కుర్రాడికి అన్నం పెట్టింది, కానీ చికొండి రావడం మానలేదు. చిక్కుడు కొత్త పండగకు వచ్చింది, అమ్మవారికి పెట్టిన కొత్త చిక్కుడు ఇంటి మనిషిలాగే పంక్తిలో కూర్చుని తిన్నది. సర్వేశ్వరరావుకు ఇది నచ్చలేదు.

"రత్నమ్మా, మన పని స్నేహం చెయ్యడం వరకే. ఇలా బంధాలు పెంచుకుంటే రేపు ఆ పిల్ల వెళ్ళిపోయాక నువ్వే బాధపడతావ్. రూల్ పెట్టింది నీ మంచికే."

"నేస్తానికి రూలేటి బాబూ? ఏడాదికోపాలి మార్సడానికి అదేవైనా గేదా?"

ఆయన నవ్వేసి ఊరుకున్నాడు. ఊరుకుంటే ఊరుకున్నాడు, ఒక్క సంగతి మాత్రం ఆయన చేతిలోనే ఉంది. పనసగుడలో సిగ్నల్ లేదు కాబట్టి చికొండి ఏం చెప్పాలన్నా ఆయన ఫోనుకు పంపాలి, ఆయన జీపు డ్రైవరుతో కబురు చెప్పించాలి. అప్పటిదాకా కబురు ఎప్పుడూ ఆగలేదు.

మాఘమాసంలో మండలి వార్షికోత్సవం జరిగింది. అరకులో షామియానా, విశాఖ నుంచి పెద్దమనుషులు, వరుసగా విదేశీ విద్యార్థులు. చికొండి ఎందుకు రాలేదని నూకరత్నం అడిగితే, "ఏదో పనుందట" అన్నాడు సర్వేశ్వరరావు, మైకు సర్దుతూ. థింసా ఆటలో ముందు నడిచేది ఎప్పుడూ నూకరత్నమే. తలకు నూనె రాసుకుని, కొప్పులో బంతిపూలు పెట్టుకుని, చేతులు వెనక్కి పెనవేసి, వరుసనంతా తిప్పుకుంటూ ఆడింది. నేపాల్ కుర్రాడు అడుగు తప్పితే పగలబడి నవ్వింది. ఫొటోలు తీశారు. శాలువా కప్పారు. చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర సర్వేశ్వరరావు ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. మొహం దిగాలుగా పెట్టుకున్నాడు.

"రత్నమ్మా, ఒక విషయం. ఆ చికొండి వాళ్ళమ్మగారు పోయారట. పోయిన వారమే మెసేజ్ పెట్టింది, నీకు చెప్పమని. ప్రోగ్రాం ముందు చెబితే నువ్వు బాధపడతావని ఆగాను. ఇప్పుడు తిను, తర్వాత తీరిగ్గా ఫోన్ చేద్దాం."

నూకరత్నం నోట్లో ముద్ద ఆకులో ఉమ్మేసింది. కాసేపు ఆయన మొహంలోకి చూసింది. ఆయన నిజంగానే జాలిపడుతున్నాడు, దానికే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. మోసం చేసినవాడికి మోసం చేశానన్న సంగతన్నా తెలిసి ఉండాలి కదా!

"సావు కబురు దాసి నన్ను ఆడించేవా?"

"అయ్యో, అది కాదు రత్నమ్మా..."

"నా నేస్తం తల్లి సచ్చిపోతే, నూనె రాసుకుని, పూలెట్టుకుని, అందరి ముందరా నా సేత గంతులేయించేవా? బాధపడతానని దాసేవా, ఆట పాడవుద్దని దాసేవా? నిజం సెప్పు!"

షామియానాలో అందరూ తినడం ఆపేశారు. ఆమె కొప్పులోంచి పూలు పీకి ఆయన కాళ్ళ దగ్గర విసిరింది. శాలువా కుర్చీకి తగిలించింది. నూనె మాత్రం అలా తీసేయడానికి కుదరదు, అదే ఆమెను పిచ్చిదాన్ని చేస్తోంది. కుళాయి కింద తల పెట్టి మట్టితో రుద్దుకుంటుంటే ఆడవాళ్ళు చుట్టూ చేరి వద్దన్నారు. ఆమె వాళ్ళనీ తిట్టింది.

ఇంటికి వచ్చాక గాసికి చెప్పింది. గాసి చుట్ట వెలిగించాడు.

"ఆళ్ళది మన జాతి కాదు, మన దేశం కాదు. ఆళ్ళ మైల మనకి పట్టుద్దంటావేటి?" అన్నాడు. వాదనకు అన్న మాట కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

"ఒక ఆకులో తిన్నప్పుడు పట్టింది, ఇప్పుడు పట్టదా?"

గాసి లేచి కర్రలు చీల్చి పొయ్యి దగ్గర పడేశాడు. తెల్లారకముందే ఆమె సామన్నం వండి, పప్పు ఉడికించి, అడ్డాకుల్లో మూట కట్టింది. పోపు లేదు, పసుపు లేదు. చావింటికి తీసుకెళ్ళే అన్నం అలాగే ఉండాలి. ఘాట్ రోడ్డు దిగే బస్సులో మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నావిడ ఎక్కడికమ్మా అని పలకరిస్తే చావుకి అని చెప్పింది. ఎవరని ఆవిడ అడగబోయి, ఈమె మొహం చూసి మానుకుంది. దారి పొడుగునా నూకరత్నం ఆలోచించింది ఒక్కటే. పిల్ల ఇన్ని రోజులూ ఏం తిన్నది? ఎవరి పక్కన ఏడ్చింది? నేస్తం ఎందుకు రాలేదని తనలో తను ఏమనుకుంది?

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. విజయనగరం వైపు మనిషి, మెత్తగానే మాట్లాడాడు.

"లోపలికి పంపకూడదమ్మా. బందువులైతే వార్డెన్ మేడమ్ సంతకం కావాల. నువ్వేటవుతావు ఆ గుంటకి?"

"నేస్తాన్ని."

"ఫ్రెండంటే ఆదివారం రావాల తల్లీ."

"ఫ్రెండు కాదు బాబూ, నేస్తం. నువ్వు బేగి ఎల్లి సెప్పు, ఆయమ్మే ఒస్తాది."

చికొండి వచ్చింది. జడలు విప్పేసి జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మనిషి సగమైంది. గేటు అవతలే ఆగిపోయింది. దగ్గరికి రాలేదు. నూకరత్నం నేర్పిన తెలుగే ఆ పిల్లకు వచ్చు, కొండ తెలుగు. ఆ తెలుగులోనే అడిగింది.

"ఎందుకొచ్చేవు?"

చికొండి ఫోను తీసి గేటు ఊచల మధ్య నుంచి చూపించింది. మండలి గ్రూపులో నిన్నటి ఫొటోలు. కొప్పు నిండా పూలు, తలకు మెరుస్తున్న నూనె, నోరంతా తెరిచి నవ్వుతున్న నూకరత్నం, పక్కన నేపాల్ కుర్రాడు.

"నాను సర్‌కి సెప్పేను. నా నేస్తానికి సెప్పమని సెప్పేను. సెప్పేను అన్నాడు సర్. నాను సూసేను, సూసేను, నువ్వు రాలేదు. ఆడతన్నావు. కొత్త నేస్తం దొరికిందా?"

నూకరత్నానికి తిరిగి కోపం వచ్చింది. ఈసారి ఆ పిల్ల మీదే. ఊచలు రెండు చేతులా పట్టుకుంది.

"ఫొటో సూసి నమ్మేసేవా? నాతో ఒక ఆకులో తిని, ఆ ఫొటోని నమ్మేవా? నాకు నిన్న సెప్పేడు, ఆ సచ్చినోడు, ఆట అయిపోయిన తరవాత సెప్పేడు! దాసేడు! నాకు సెప్పేనని నీతో అబద్దం, నీకు ఏదో పనుందని నాతో అబద్దం. నానేటి సెయ్యను? తెల్దు నాకు. తెలిసుంటే అడుగేస్తానా? నా కాళ్ళు ఇరగ్గొట్టుకుందును! మట్టెట్టి రుద్దినా నూనె ఒదల్లేదు, ఇదిగో, సూడు, ఇంకా జిడ్డుగా ఉంది, సూడు!"

తల వంచి ఊచలకు ఆనించింది. జుట్టు నిండా ఎండిపోయిన ఎర్రమట్టి. చికొండి ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఆ మట్టిని ముట్టుకుంది. వేళ్ళకు అంటిన మట్టి చూసుకుంది. తర్వాత పక్క గేటు తీసుకుని బయటికి వచ్చి, నేల మీద చతికిలబడింది. వాచ్‌మన్ చూశాడు గానీ ఆపలేదు.

నూకరత్నం మూట విప్పింది. సామన్నం ముద్ద చేసి పిల్ల నోటికి అందించింది. చికొండి దాన్ని నమిలి మింగడానికి చాలాసేపు పట్టింది. రెండో ముద్ద కొంచెం తేలిగ్గా దిగింది.

"మీయమ్మ పేరు సెప్పు" అంది నూకరత్నం. "నానెప్పుడూ అడగలేదు. అమ్మ అనే అనుకున్నాను. పేరు లేకుండా ఎలగ ఏడవను?"

మండలి నుంచి చికొండికి పూలదండ బొమ్మతో సంతాపం మెసేజ్ వచ్చింది, డిపార్ట్‌మెంట్ నుంచి ఈమెయిలు వచ్చింది, హాస్టల్ పిల్లలు సారీ అన్నారు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు.

"డోరికా" అంది చికొండి.

నూకరత్నం గుండెల మీద చెయ్యి వేసుకుని రాగం ఎత్తింది. కోడిని తరిమిన డోరికా, గుడ్డ నేసిచ్చిన చేతి డోరికా, సముద్రం అవతల పిల్లను వదిలి ఏ దారిన పోయావమ్మా డోరికా. గుడ్డ ఆమె నేసిందో కొన్నదో నూకరత్నానికి తెలియదు, ఏడుపులో అది ఎవరూ పట్టించుకోరు. రెండో చరణం దగ్గర చికొండి గొంతు కలిసింది, తన భాషలో, వాళ్ళ ఊరి ఆడవాళ్ళు చావింట ఏడ్చే పద్ధతిలో. హాస్టల్ బాల్కనీల్లోకి ఆడపిల్లలు వచ్చి నిలబడ్డారు. పై నుంచి వార్డెన్, లోపల పరీక్షలకు చదువుకుంటున్నారు, కాస్త నెమ్మదిగా అని కేకేసింది. వాళ్ళు నెమ్మదించలేదు. వార్డెన్ ఎవరికో ఫోన్ చేసింది.

కాసేపటికి చికొండి ఫోను మోగింది. సర్వేశ్వరరావు. పిల్ల ఎత్తి, విని, నూకరత్నానికి ఇచ్చింది.

"రత్నమ్మా, అక్కడున్నారటగా. నిన్న జరిగినదానికి నేను నిజంగా బాధపడుతున్నానమ్మా. మీరు ఇంత దూరం రావడం చాలా గొప్ప విషయం. ఒక పని చెయ్యండి, అలా ఇద్దరూ కూర్చున్నప్పుడే వాచ్‌మన్ చేత ఒక్క ఫొటో తీయించి పంపండి. మన గ్రూపులో పెడదాం, నలుగురికీ ఆదర్శంగా ఉంటుంది."

నూకరత్నం కళ్ళు తుడుచుకుంది. తిట్లు నాలుక చివరిదాకా వచ్చాయి, అన్నీ మంచి తిట్లే. అవేమీ వాడలేదు.

"మేం మైలలో ఉన్నాం బాబూ" అంది. "పైవోళ్ళతో మాటాడకూడదు."

ఫోను నేల మీద బోర్లించి, మళ్ళీ డోరికా పేరు ఎత్తుకుంది.